బాబాయి మూడుసార్లు అడిగాడు

నవంబర్ 12, బుధవారం

బాబాయి బోటు ఇంకా రాలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి గిలకలదిండి నుంచి పదిహేడు ఫైబర్ బోట్లు వేటకు వెళ్ళాయి. తొమ్మిది దాటాక గాలి లేచింది. పన్నెండింటికల్లా పదహారు బోట్లు కాలువ సముద్రంలో కలిసే మొగలోకి వచ్చి పడ్డాయి. రానిది ఒక్కటే. అందులో ముగ్గురు. మా పున్నయ్య బాబాయి, పార్వతి పిన్ని తమ్ముడు నాగరాజు మావయ్య, మా వీధి చివరింటి గణపతి.

నాన్న ఫోన్ చేసినప్పుడు నేను గుడివాడలో, కాలేజీ ల్యాబ్‌లో సెకండియర్ వాళ్ళకి క్లాసు చెబుతున్నాను. సెలవు చెప్పి బస్సెక్కాను. పెడన చేరేసరికి బస్సు అద్దాలు టపటపా కొట్టుకుంటున్నాయి. చేలల్లో వరి అంతా ఒకవైపుకి పడిపోయి ఉంది. కండక్టరు తలుపును తాడుతో కట్టాడు. అప్పుడు ఫోన్ తీసి, నేను తయారుచేసిన గాలిచూపు యాప్ తెరిచాను.

పచ్చ.

బయట కొమ్మలు విరిగి రోడ్డు మీద పడుతున్నాయి. నా చేతిలో పచ్చ, గాలి లేదు, వేటకి వెళ్ళొచ్చు అని. నెట్ సరిగ్గా లేదనుకున్నాను. ఫోన్ సంచిలో పడేసుకున్నాను.

రేవులో పిన్ని ఐస్ ఫ్యాక్టరీ గోడ పక్కన నిలబడి ఉంది. ఏడవడం లేదు. తడిసి వచ్చిన ప్రతి మనిషినీ ఒకటే అడుగుతోంది. "చివరిసారి ఎక్కడ చూశారు? ఏ వైపున ఉంది?" ఒక్కొక్కరు ఒక్కో వైపు చెయ్యి చూపిస్తున్నారు.

నవంబర్ 13, గురువారం

మెరైన్ పోలీసుల బోటు పొద్దున బయల్దేరి, అలలు తట్టుకోలేక మధ్యాహ్నానికి వెనక్కి వచ్చేసింది. రేపు హెలికాప్టర్ వస్తుందని బోట్ల సంఘం ప్రెసిడెంట్ నాగేంద్రబాబు గారు చెప్పారు. ఆయన రెండు ఫోన్లు రెండు చెవులకీ పెట్టుకుని రేవంతా తిరుగుతున్నారు.

పిన్ని నన్ను పక్కకి పిలిచింది.

"నిన్న వెళ్ళేటప్పుడు నీ గాలిచూపులో ఏం చూపించిందే తనూ?"

"నేను చూడలేదు పిన్నీ. నిద్రపోతున్నా అప్పుడు."

"మీ బాబాయి చూసుకునే వెళ్తాడుగా."

"చూసే ఉంటాడు. పసుపు అయ్యుంటది."

పసుపు అంటే వెళ్ళొచ్చు, జాగ్రత్తగా వెళ్ళండి అని. పసుపు అని ఎందుకన్నాను? నాలుగింటికి నేను నిద్రలో ఉన్నాను. ఏ రంగు ఉందో నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలియదనే చెప్పొచ్చు కదా.

అయినా నా తప్పేముంది ఇందులో? వాతావరణం లెక్కలు ఇచ్చే కంపెనీ సర్వీసు ఒకటుంది. మన తీరంలో రాబోయే ఇరవై నాలుగు గంటలూ గాలెంత, అల ఎంత అని నా ప్రోగ్రామ్ దాన్ని అడుగుతుంది. వచ్చిన జవాబును బట్టి పచ్చ, పసుపు, ఎరుపు. అంతే. గాలిని నేను పుట్టించలేదు. ఆ సర్వీసే పడిపోయి ఉంటుంది. పెద్ద కంపెనీలవీ పడిపోతుంటాయి. 503 అని వచ్చి ఉంటుంది, 'మా వైపు ఇబ్బందిగా ఉంది' అని. అది వాళ్ళ తప్పు.

లాగ్ చూడలేదు. అడిగిన ప్రతిసారీ ఏం జవాబొచ్చిందో అందులో వరుసగా పడి ఉంటుంది. ఇంట్లో ఇంతమంది ఉండగా లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది?

రేపు చూస్తాను.

నవంబర్ 14, శుక్రవారం

లాగ్ చూశాను.

కాలేజీకి వెళ్ళాల్సిన పని లేదు. ఇంట్లో చూడలేక వెళ్ళాను. ఏడింటి ప్యాసింజర్‌లో గుడివాడ చేరేదాకా లాప్‌టాప్ ఒళ్ళోనే ఉంది. తెరవలేదు. ల్యాబ్‌లో తలుపేసుకుని తెరిచాను.

503 కాదు. 429.

మంగళవారం మధ్యాహ్నం రెండుంబావు నుంచి అన్నీ 429లే. బుధవారం సాయంత్రం దాకా. ఒకదాని కింద ఒకటి. 'మీరు మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు, ఆగి అడగండి' అని దాని అర్థం. ఎంతసేపు ఆగాలో కూడా ప్రతి జవాబులోనూ చెప్పింది. నా ప్రోగ్రామ్ ఆ మాట చదవదు. చదవమని నేను రాయలేదు.

ఇదే నెల మూడో తారీఖున, ఇదే బోర్డు మీద రాసి పిల్లలకి చెప్పాను. నాలుగు వందల్లో వచ్చే నంబరు అడిగినవాడి తప్పు, ఐదు వందల్లో వచ్చేది చెప్పేవాడి తప్పు, పరీక్షలో వస్తుంది, రాసుకోండి అని. వాళ్ళు రాసుకున్నారు.

వేసవిలో వేట నిషేధం ఉన్నప్పుడు ఖాళీగా కూర్చోలేక మొదలెట్టాను ఈ గాలిచూపు. అప్పుడు వాడింది నలభై మంది. రోజుకి ఇన్నిసార్లే అడగాలని ఆ సర్వీసుకి హద్దు ఉంది. నలభై మందికి అది బోలెడు. సెప్టెంబరులో నాగేంద్రబాబు గారు రేవులో మైకు పట్టుకుని, "మన రత్తయ్య కూతురు చేసింది, పచ్చ ఉంటే వెళ్ళండి, ఎరుపు ఉంటే ఆగండి" అన్నారు. ఇప్పుడు మూడు వందల ఎనభై మంది. ఒక్కొక్కరూ తెరిచినప్పుడల్లా ఒక అడగడం. హద్దు దాటుతోందని కంపెనీవాళ్ళు రెండు మెయిళ్ళు పంపారు. అక్టోబర్ 30న ఒకటి, మొన్న 9న ఒకటి. ప్రకటనల మెయిళ్ళ మధ్య ఉన్నాయి. రెండూ తెరవలేదు నేను.

ఇక కోడ్. తప్పు వస్తే ఏం చెయ్యాలి అనే చోట ఒకటే లైను ఉంది. పాత రంగే ఉంచు. దాని పక్కన నేనే రాసుకున్న మాట: తర్వాత చూడాలి. తారీఖు మే 21.

మంగళవారం మధ్యాహ్నం పచ్చ. అదే ఉంచింది.

వాసు వచ్చి తలుపు కొట్టాడు. పక్క ల్యాబ్ చూసేది అతనే. నా ముఖం చూసి స్క్రీన్ వైపు వంగాడు. చాలాసేపు చదివాడు.

"తప్పొస్తే పాత రంగు చూపించమన్నావా?"

"ఖాళీగా ఉంటే బాగోదని."

"ఇంకెవరైనా చూశారా ఇది?"

"లేదు."

వాసు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తనూజా, నా మాట విను. ముందు ఇది సరిచెయ్యి. తప్పొస్తే రంగు తీసేసి, తెలియదు అని చూపించు. అది ఈ క్షణం చెయ్యి, రేపు గాలి తగ్గితే మళ్ళీ వేటకెళ్తారు. మిగతాది ఎవరికీ చెప్పకు. యాప్ కింద రాసుకున్నావుగా, ఇది సూచన మాత్రమే అని."

"అది ఇంగ్లీషులో రాశాను."

"రాశావుగా."

సరిచేశాను. ముప్పావుగంట పట్టింది. తప్పు ఏదైనా వస్తే పాత జవాబు చెరిపేసి బూడిద రంగు, దాని మీద 'తెలియదు' అన్న మాట. హద్దు దాటకుండా, అందరి తరఫునా పావుగంటకి ఒక్కసారే అడిగేలా మార్చాను. ఎంతసేపు ఆగమంటే అంతసేపు ఆగేలా రాశాను.

ముప్పావుగంట. మే నుంచి నా దగ్గర ఆ ముప్పావుగంట లేకపోయింది.

సాయంత్రం రైలు దిగుతుంటే నాగేంద్రబాబు గారి ఫోన్. "అమ్మాయ్, బూడిద రంగేదో వస్తాందంటున్నారు కుర్రాళ్ళు, ఏంటది?"

"కొత్త ఫీచర్ అండీ" అన్నాను.

"మంచిదమ్మా. మీ బాబాయి కోసం మేమంతా మొక్కుకుంటున్నాం."

హెలికాప్టర్‌కి ఏమీ కనిపించలేదట.

నవంబర్ 15, శనివారం

ఇద్దరు దొరికారు.

పొద్దున ఎనిమిదింటికి దివిసీమ నుంచి ఫోన్. తిరగబడిన బోటు మీద ఇద్దరు మనుషులుంటే పాలకాయతిప్ప వాళ్ళు చూసి ఒడ్డుకి చేర్చారట. ఇద్దరు. ఆ ఇద్దరూ ఎవరో చెప్పేలోపే లైను తెగిపోయింది. కారులో నేను, నాన్న, పిన్ని, గణపతి వాళ్ళమ్మ ప్రేమమ్మ. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటి కోడూరు ఆసుపత్రికి వెళ్ళాలి. ముగ్గురిలో ఇద్దరు. కారులో ఉన్న ఆడవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పిన్ని మొగుడూ, పిన్ని తమ్ముడూ, ప్రేమమ్మ కొడుకూ. ఏ ఇద్దరు?

ఆసుపత్రి వరండాలోనే గణపతి కనిపించాడు. చేతికి సెలైన్ పెట్టి బల్ల మీద పడుకోబెట్టారు. ప్రేమమ్మ కేక పెట్టి వెళ్ళి అతని కాళ్ళు పట్టుకుంది. పిన్ని ఆగలేదు. లోపలి గదిలోకి నడిచింది. మంచం మీద నాగరాజు మావయ్య ఉన్నాడు.

పక్క మంచం మీద ఎవరో ముసలాయన. మా మనిషి కాదు.

మావయ్య పెదాలు పగిలి నల్లగా అయిపోయాయి. ఉప్పుకి చర్మం ఊడుతోంది. అక్కని చూడగానే లేవబోయాడు.

"అక్కా, నేనే కట్టాను తాడు."

"పడుకోరా."

"కాదక్కా, విను. బోటు తిరగబడేటప్పుడు బావకి తలకి తగిలింది. రక్తం ఆగలేదు. మొదటి రోజు మాట్లాడాడు. రెండో రోజు పట్టుకోలేకపోతున్నా అన్నాడు. వల తాడు తీసి నడుముకి కట్టాను, ఇంజను కొక్కేనికి. మధ్యాహ్నం పెద్ద అల వచ్చి మీద పడింది. లేచి చూస్తే తాడుంది, బావ లేడు. ముడి ఊడిపోయింది. నేను సరిగ్గా కట్టలేదక్కా. నేనే."

పిన్ని అతని చేతులు రెండూ పైకి తీసి చూసింది. అరచేతుల నిండా కోతలు. తాడు కోసిన గాట్లు తెల్లగా పాలిపోయి నోళ్ళు తెరుచుకున్నాయి.

"ఈ చేతులతో ఎట్టా కట్టావురా?" అంది. తర్వాత ఆ చేతుల్లో ముఖం పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది, నాలుగు రోజుల తర్వాత.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అతను నోరు తెరవగానే తన తప్పు చెప్పాడు. గుక్కెడు నీళ్ళు తాగకముందే చెప్పాడు.

పిన్ని నర్సుతో మాట్లాడటానికి బయటికి వెళ్ళినప్పుడు నేను మంచం పక్కన కూర్చున్నాను. మావయ్యే మాట్లాడాడు.

"వెళ్ళేటప్పుడే బావకి నచ్చలేదు తనూ. తూర్పున మబ్బు చూశాడు. ఏదో తేడాగా ఉందిరా అన్నాడు. ఇంజను వేసి కూడా ఆగాడు. మళ్ళీ ఫోన్ చూశాడు. సరే, మా తనూజ పచ్చ అంటాంది, పదండి అన్నాడు."

నీళ్ళ గ్లాసు అతని నోటికి అందించాను.

"నువ్వేం బాధపడమాకు. గాలి సంగతి ఎవరు చెప్పగలరు? నీ ఫోనైనా అంతే."

తల ఊపాను. అవును అన్నట్టు ఊపాను.

నవంబర్ 16, ఆదివారం

ఎవరూ చెప్పలేరని మావయ్య అన్నాడు కదా. నిజంగానే ఎవరూ చెప్పలేదేమో. సర్వీసు జవాబిచ్చి ఉన్నా పచ్చే అని ఉండేదేమో. అలాగైతే నా తప్పు ఉన్నా లేనట్టే. అది తేల్చుకుందామని కూర్చున్నాను.

పాత అంచనాలన్నీ వాళ్ళు దాచి ఉంచుతారు. అడిగాను. వెంటనే ఇచ్చింది.

మంగళవారం సాయంత్రం ఆరింటికే వాళ్ళ లెక్కలో గాలి పెరిగింది. నా రంగుల ప్రకారం ఎరుపు. ఎనిమిదింటికీ ఎరుపు. తెల్లవారుజామున మూడింటికీ, నాలుగింటికీ ఎరుపు. బోట్లు వెళ్ళే ముందు పది గంటలపాటు దానికి తెలుసు. చెప్పడానికి సిద్ధంగా ఉంది. వినే దారి నేను మూసేసి, దాని ముందు పచ్చ దీపం పెట్టాను. టీవీలో కూడా గాలులని చెప్పారట. మా వీధిలో ఇప్పుడు దానికోసం టీవీ ఎవరూ చూడరు. గాలిచూపు ఉందిగా.

తర్వాత చెయ్యకూడదనుకున్నది చేశాను. లాగ్‌లో బాబాయి ఫోన్ వెతికాను.

3:40. 429.
3:46. 429.
3:52. 429.

మూడుసార్లు.

బాబాయి ఎప్పుడూ ఒక్కసారే చూస్తాడు. నెలల లాగ్ తిరగేశాను. రోజుకి ఒక్కసారి. ఆ రోజు మూడుసార్లు.

నవంబర్ 17, సోమవారం

కాలేజీకి వెళ్ళలేదు. వంట చేశాను. ఉప్పు రెండుసార్లు వేశాను. ఎవరూ ఏమీ అనకుండా తిన్నారు.

లాగ్ చెరిపెయ్యడం ఒక్క నిమిషం పని. ఒక్క లైను. రాసి పెట్టి కూర్చున్నాను, నొక్కడమే మిగిలింది. బయట పిన్ని గొంతు వినిపించింది, రేవు నుంచి వస్తున్నవాళ్ళని అడుగుతోంది, "ఏమైనా కనిపించిందా బాబూ?"

లాప్‌టాప్ మూసేశాను. చెరపలేదు. చెప్పనూ లేదు.

నవంబర్ 18, మంగళవారం

నాన్నకి చెప్పాను.

నాన్న కాలు దెబ్బ తిన్నాక సముద్రం మానేసి వలలు బాగుచేస్తున్నాడు. వల మీంచి తల ఎత్తకుండా విన్నాడు. పోగు కడుతూనే ఉన్నాడు. అయిపోయాక చాలాసేపు కడుతూనే ఉన్నాడు.

"వాడికి ఇంకో దారి లేదా, మబ్బు చూసుకోడానికి?" అన్నాడు.

"చూశాడు నాన్నా. మబ్బు బాగోలేదన్నాడు. నేను పచ్చ అన్నానని వెళ్ళాడు."

సూది ఆగింది.

"ఎవరికీ చెప్పమాక."

"నాన్నా."

"రెండిళ్ళకీ ఒకటే గోడ. నా తమ్ముడు పోయాడు. ఇది వింటే వాడి పెళ్ళాం రేపట్నించి నా గుమ్మంలోకి రాదు. ఉన్నవాళ్ళని కూడా పోగొట్టుకోమంటావా నన్ను?" గొంతు పెరిగింది. పక్కింట్లోకి వినపడుతుందని మళ్ళీ తగ్గించాడు. "తెలిసి చేశావా?"

"లేదు."

"మరి?"

"తెలిసే అవకాశం ఉంది నాన్నా. చూడలేదు. రెండుసార్లు రాశారు వాళ్ళు. చూడలేదు."

నాన్న వల పక్కకి తోసేశాడు. లేచి వెళ్ళిపోలేడు, కాలు సహకరించదు. అక్కడే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన భుజాలు ఊగడం నేను ఎప్పుడూ చూడలేదు.

చెప్పనులే అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజమే అనుకున్నాను.

నవంబర్ 19, బుధవారం

వారం అయింది.

పొద్దున పిన్ని ఆసుపత్రి నుంచి మావయ్యని తీసుకొచ్చింది. మా ఇంటి ముందు ఆటో దిగుతూనే వీధిలోవాళ్ళు మూగారు. ఎవరో అన్నారు, "ఆ ముడి గట్టిగా కట్టుంటే పున్నయ్య దొరికేవాడు." మావయ్య తల దించుకున్నాడు. ఆ మాట ఒప్పుకుంటున్నట్టు దించుకున్నాడు. ఇక ఈ ఊళ్ళో పాతికేళ్ళు ఆ ముడి గురించే చెప్పుకుంటారు.

నేను లాప్‌టాప్ తీసుకుని పిన్ని ఇంట్లోకి వెళ్ళాను. నాన్న పిలుస్తున్నాడు, వెనక్కి చూడలేదు.

ఎలా మొదలుపెట్టానో గుర్తు లేదు. 'పసుపు కాదు పిన్నీ' అన్నాను, అది గుర్తుంది. తర్వాత మొత్తం చెప్పాను. పిన్ని మధ్యలో ఒకటే అడిగింది.

"ముందురోజు సాయంత్రమే తెలుసా దానికి?"

"తెలుసు."

"నీకు?"

"నేను చూడలేదు. చూసి ఉంటే తెలిసేది."

"చూపించు" అంది.

తెరిచి చూపించాను. పిన్ని ఇంగ్లీషు చదవలేదు, అంకెలు చదువుతుంది. చేపల వేలంలో ఆమెని ఎవరూ మోసం చెయ్యలేరు. వేలు పెట్టి ఒక్కో లైనూ చూసుకుంటూ వచ్చింది. నాలుగు రెండు తొమ్మిది, నాలుగు రెండు తొమ్మిది అని పైకే చదివింది.

"ఇందులో మీ బాబాయిది ఏది?"

చూపించాను.

"మూడున్నాయే."

"మూడుసార్లు చూశాడు పిన్నీ. పన్నెండు నిమిషాల్లో."

పిన్ని వేలు ఆ మూడో లైను మీదే ఆగిపోయింది. గోడకి ఆనుకుని కూర్చున్న మావయ్య వంక చూసింది, మళ్ళీ స్క్రీన్ వంక చూసింది.

"భయమేసింది ఆయనకి" అంది. "పాతికేళ్ళలో ఒక్కసారి కూడా నాకు భయమేస్తాందే అన్లేదు. నీ డబ్బాకి చెప్పుకున్నాడు. మూడుసార్లు చెప్పుకున్నాడు."

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ముట్టుకోనివ్వలేదు. లేచి లాప్‌టాప్ మూసి, రెండు చేతులతో తీసి నా ఒళ్ళో పెట్టింది. జాగ్రత్తగానే పెట్టింది.

"నీకు తిండి పెట్టిన చేతులే ఇవి. నిన్ను కొట్టలేను. వెళ్ళిపో."

గుమ్మం దాటుతుంటే మావయ్య ఏడుపు వినిపించింది.

నవంబర్ 20, గురువారం

నాన్న మాట్లాడటం లేదు. గోడ అవతల పిన్ని మాట్లాడటం లేదు.

నవంబర్ 22, శనివారం

సంఘం షెడ్డులో అందరికీ చెప్పాను. నాగేంద్రబాబు గారిని నేనే అడిగి మీటింగు పెట్టించాను. వంద మంది ఉంటారు. మరిచిపోతానని కాగితం మీద రాసుకుని వెళ్ళాను, కాగితం చూడలేదు.

సర్వీసు జవాబివ్వనప్పుడు గాలిచూపు పాత రంగు చూపించింది అన్నాను. దానికి కారణం నేను అన్నాను. బూడిద రంగు కొత్త ఫీచర్ కాదు, అది మొదటి నుంచీ ఉండాల్సింది, మీకు అబద్ధం చెప్పాను అన్నాను. బూడిద రంగు వస్తే దానర్థం నాకు తెలియదని. వెళ్ళమనీ కాదు, ఆగమనీ కాదు. అప్పుడు మీ కళ్ళతో చూసుకోండి, మీ పెద్దవాళ్ళని అడగండి, టీవీ చూడండి, అనుమానంగా ఉంటే ఆగండి.

ఎవరూ తిట్టలేదు. అది అన్నిటికంటే కష్టమైంది. వెనక నుంచి పోతురాజు అనే ఆయన లేచాడు. ఆ రోజు చివరగా ఒడ్డుకి చేరిన బోటు ఆయనది. ఫోన్ తీసి, నేను చూస్తుండగా గాలిచూపు తీసేశాడు. పక్కవాడు కూడా తీశాడు. తర్వాత చాలామంది. అందరూ తలలు వంచుకుని ఫోన్ల మీద వేళ్ళతో నొక్కుతున్నారు.

నాగేంద్రబాబు గారు బయటిదాకా వచ్చారు. "చెప్పావు. మంచిదే. కానీ అమ్మాయ్, నేనూ మైకులో చెప్పాను కదా. నన్నెవరు అడగాలి?" అన్నారు. కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

రాత్రికి చూస్తే నూట పన్నెండు మంది మిగిలారు. మూసెయ్యాలా? మూసేస్తే ఈ నూట పన్నెండు మందికి ఏముంటుంది? ఉంచితే ఏ ముఖం పెట్టుకుని?

నవంబర్ 25, మంగళవారం

కాలేజీకి వెళ్ళాను. తప్పులు పట్టుకోవడం మీద రెండో క్లాసు ఉంది ఇవాళ. ఒకమ్మాయి లేచి అడిగింది, "మేడమ్, తప్పొచ్చినప్పుడు ఏమీ రాయకపోతే ఏమవుతుంది? ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుందిగా?"

నడుస్తూనే ఉంటుంది అన్నాను. బోర్డు వైపు తిరిగాను. ఎంతసేపు అలా నిలబడ్డానో, వాసు వచ్చి క్లాసు అందుకున్నాడు.

నవంబర్ 28, శుక్రవారం

బాబాయి దొరకలేదు. ఇక వెతకడం లేదన్నారు.

డిసెంబర్ 5, శుక్రవారం

పొద్దున మూడున్నరకి ఫోన్ మోగింది. సర్వీసుకి తప్పు వస్తే నాకు మోగేలా పెట్టుకున్నాను. 503. ఈసారి నిజంగానే వాళ్ళ వైపు తప్పు. పావుగంట ఆగి అడిగాను, 503. మళ్ళీ 503. గాలిచూపు బూడిద రంగులోకి వెళ్ళింది. తెలియదు.

రేవుకి వెళ్ళాను. ఆ రోజు తర్వాత వేట సమయానికి వెళ్ళడం ఇదే. బోట్ల దగ్గర మగవాళ్ళు గుంపులుగా ఉన్నారు. గాలిచూపు తీసేసినవాళ్ళు కూడా ఉన్నవాళ్ళ ఫోన్లలోకి తొంగి చూస్తున్నారు. ముసలివాళ్ళు ఆకాశం చూశారు, ఒకరు బాగుందన్నారు, ఒకరు ఏమో అన్నారు. ఇంకో పావుగంట చూశారు. చివరికి ఒక్క బోటూ కదల్లేదు.

ఏడింటికి ఎండొచ్చింది. సముద్రం చెరువులా ఉంది. పది దాకా అలాగే ఉంది. గాలి లేదు, అల లేదు. వేటకి అంత మంచి రోజు ఈ మధ్య రాలేదట. పన్నెండుకి సర్వీసు తిరిగి వచ్చింది. పచ్చ.

రేవు మొత్తం నన్నే తిట్టింది. ముఖం మీదే తిట్టారు. రోజు పోయింది, ఐసు కరిగిపోయింది, డీజిల్ పోయించుకుని కూర్చున్నాం, చదువుకున్న తెలివి ఇదా అన్నారు. పోతురాజు గారు, "ఆ రోజు అట్టా చంపావు, ఈ రోజు ఇట్టా చంపుతున్నావు" అన్నారు. ఐస్ ఫ్యాక్టరీ గోడ పక్కన నిలబడి అన్నీ విన్నాను. పదిహేడు బోట్లు లెక్కపెట్టాను. కాదు, పదహారు. అన్నీ కట్టేసి ఉన్నాయి. మనుషులందరూ ఒడ్డు మీదే ఉన్నారు, అరుస్తూ, ఉమ్ముతూ, నా వైపు చేతులు చూపిస్తూ.

పిన్ని ఖాళీ చేపల తట్టతో వచ్చింది. ఆమెకి కూడా ఇవాళ అమ్ముకోడానికి ఏమీ లేదు. పదహారు రోజులుగా ఆమె నాతో మాట్లాడలేదు. నన్ను దాటి వెళ్ళిపోతుందనుకుని పక్కకి జరిగాను. వెళ్ళలేదు. తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. మగవాళ్ళ వైపు చూసింది, ఒక్కొక్కరినీ పేరుపేరునా లెక్కపెట్టుకుంటున్నట్టు. ఇటు తిరగకుండానే అంది.

"తిట్టనీ."